పేరు మారిస్తే వీడియో మారదు

సంపాదకులు గారికి,

సంక్రాంతికి ఇల్లు సర్దినప్పుడల్లా బీరువాల్లోంచి పాత పెళ్ళి డీవీడీలు బయటపడతాయి. వాటిని అరచేతిలో పట్టే ప్లేయర్‌లోకి ఎక్కించి పెద్దవాళ్ళకి ఇవ్వాలని పిల్లల ముచ్చట. అమలాపురం అయినా, పాలకొల్లు అయినా సెల్ షాపులో ఈ పని తరచూ ఒక్క నిమిషంలో తేలిపోతుంది: ఫైలు కాపీ కొట్టి, పేరు చివర ఎంపీ4 అని మార్చి చేతిలో పెడతారు. ఇంటికెళ్ళాక 'ఫార్మాట్ సపోర్ట్ చేయదు' అని వస్తే డీవీడీ పోయిందనో, ప్లేయర్ నాసిరకమనో తిట్టుకుంటారు. తప్పు రెండింటిదీ కాదు.

ఏవీఐ, ఎంపీ4, ఎంకేవీ అన్నవి పెట్టె పేర్లు. లోపల బొమ్మనీ శబ్దాన్నీ కుదించిన పద్ధతి, అంటే కోడెక్, వేరే సంగతి. తాపేశ్వరం కాజాల పెట్టె మీద ఆత్రేయపురం పూతరేకులని రాసినంత మాత్రాన లోపలి సరుకు మారదు కదా. పెళ్ళి డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 అనే కోడెక్‌లో ఉంటుంది, శబ్దం చాలావాటిలో ఏసీ3 అనే కోడెక్‌లో ఉంటుంది. ఇప్పటి ఫోన్లు హెచ్ఈవీసీ అనే కొత్త కోడెక్‌లో కూడా తీస్తాయి. చిన్న ప్లేయర్‌లోని చిప్‌కి మాత్రం కొన్ని కోడెక్‌లే తెలుసు. 'ఎంపీ4 ప్లేయర్' అని అమ్మిన చవకరకాల్లో కొన్ని అసలు ఎంపీ4నే ఆడవు, ఏఎంవీ అనే ఫైలు కావాలంటాయి. అందుకే ప్లేయర్‌ని చూడకుండా మార్పిడి మొదలుపెట్టకూడదు.

హెచ్.264 అనే కోడెక్ ఆడే ప్లేయర్ అనుకుందాం. డీవీడీలోని వీఓబీ అనే ఫైలు ముక్కలు ఒక్కోటీ 1 జీబీకి మించవు. వాటిని విడివిడిగా మారిస్తే అతుకుల దగ్గర మాట తెగుతుంది. అవి ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని మొత్తంగా హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. దాని సెట్టింగుల్లో ప్రొఫైల్ 'బేస్‌లైన్', లెవెల్ 3.0, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) 25, అదీ 'కాన్‌స్టెంట్', అంటే మారనిది. ఫోన్లో తీసినవాటికి ఈ చివరిది మరీ ముఖ్యం. ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు మార్చుకుంటూ పోతుంది, పాత ప్లేయర్‌కి ఆ లెక్క అందక పెదవులొకచోట, మాటొకచోట అవుతాయి. ఆడియో ఏఏసీ కోడెక్‌లో స్టీరియో, 128 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) చాలు.

480×272 చుక్కల తెరకి వీడియో 600 కేబీపీఎస్ పెడితే మూడు గంటల పెళ్ళి సుమారు 980 ఎంబీ అవుతుంది. 8 జీబీ కార్డులో ఏడు పడతాయి. అదే నాణ్యత బాగుంటుందని 4000 పెడితే ఫైలు 5.5 జీబీ దాటుతుంది. ఆ చిన్న తెర మీద తేడా కంటికి ఆనదు సరికదా, ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో 4 జీబీ మించిన ఫైలు అసలు పట్టదు. కార్డులో చోటున్నా కాపీ ఆగిపోవడానికి కారణం అదే.

షాపుల్లో అసలు పట్టించుకోనిది ఇంకొకటుంది. మన పాత క్యామ్‌కార్డర్లు ఒక్కో ఫ్రేమునీ రెండు సగాలుగా తీసేవి: సరి గీతలు ఒకసారి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత ఇంకోసారి. ఆలోగా కదిలిన వస్తువు రెండు చోట్ల పడుతుంది. తలంబ్రాలు పోసే చేతులు చూడండి, అంచులు దువ్వెన పళ్ళలా చీలి ఉంటాయి. 'డీఇంటర్‌లేస్' పెట్టి ఆ గీతలు కలిపాకే బొమ్మ సైజు తగ్గించాలి. ముందే తగ్గిస్తే పళ్ళు కరిగి మసకగా బొమ్మలో కలిసిపోతాయి, ఇక ఏ ఫిల్టరూ వాటిని తీయలేదు.

డీవీడీ బొమ్మ 720×576. కానీ ఆ చుక్కలు చతురస్రాలు కావు. 4:3లో (పాత టీవీ తెర ఆకారం) తీసిన పెళ్ళిని 480×272 తెర నిండా సాగదీస్తే పెళ్ళికూతురు గుమ్మడికాయలా కనిపిస్తుంది. వెడల్పు తెరకి తీసినదాన్ని ఉన్నది ఉన్నట్టు కుదిస్తే పెళ్ళికొడుకు మునగకాడ అవుతాడు. 4:3 అయితే 352×264 పెట్టి, పక్కల నల్లపట్టీలు వదిలేయడమే మర్యాద.

వీసీడీల సంగతి చెప్పనక్కర్లేదు. అవి 352×288లో, 1150 కేబీపీఎస్‌తో ఉన్నవే. నీళ్ళ మజ్జిగని ఎంత చిలికినా వెన్న రాదు, బొమ్మ సైజు పెంచి మార్చకండి.

హెచ్.264 ఫైలులో బొమ్మ ఆడి మాట మాత్రం రాకపోతే ముందు ఏసీ3ని అనుమానించాలి. అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి 'కాపీ' అని చెప్పి ఆడియో ఒక్కటే ఏఏసీకి మారిస్తే నిమిషాల్లో అయిపోతుంది. బొమ్మని మళ్ళీ కుదించే పని లేదు.

ఇక కరెంటు. ఎంపీ4 ఫైలు ఇండెక్స్‌ని, అంటే లోపల ఏది ఎక్కడుందో చెప్పే పట్టికని, మామూలుగా చివర్లో రాసుకుంటుంది. మార్పిడి రెండు గంటలు నడిచాక కరెంటు పోతే ఆ ఇండెక్స్ ఉండదు, అంతవరకూ రాసినదీ తెరుచుకోదు. యూపీఎస్ లేనివాళ్ళు ముందు ఎంకేవీలోకి మార్చుకుంటే మంచిది. కరెంటు పోయినా అప్పటిదాకా అయినది ఆడుతుంది. మొత్తం పూర్తయ్యాక మళ్ళీ కుదించకుండా ఎంపీ4 పెట్టెలోకి మార్చడం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి కొద్ది సేపటి పని.

షాపుల వారికి మా మనవి ఒకటే. ప్లేయర్‌ని కూడా తెమ్మనండి. తలంబ్రాల దగ్గర రెండు నిమిషాల ముక్క మార్చి, అందులో ఆడించి చూపించాకే మిగతాది మొదలుపెట్టండి. డీవీడీ అసలు కాపీని యథాతథంగా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, రేపు ఇంకో ప్లేయర్ కొంటే మార్చుకోవాల్సింది దాంట్లోంచే. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, 01, 02 అని అంకెలతో పెట్టండి. తెలుగులో రాస్తే చాలా ప్లేయర్లలో ఖాళీ గడులు కనిపిస్తాయి, ఏది పెళ్ళో ఏది గృహప్రవేశమో మామ్మగారు పోల్చుకోలేరు.

ఇట్లు,
వీడియో మిక్సింగ్ పనివాళ్ళం,
పాలకొల్లు