బిడ్డ కోసం ఆలోచించే ముందు కంటి పరీక్ష

బ్రాడీపేట, గుంటూరు

చి.ల.సౌ. జానకికి అమ్మ ఆశీస్సులు.

బిడ్డను కనాలనుకుంటున్నామని చెప్పావు. వినగానే ఎంత సంతోషం వేసిందో! అయితే నీకు షుగర్ ఉంది కదా అని కళ్ల మాట ఎత్తగానే, “కొత్త కళ్లజోడు తీసుకున్నానుగా, అన్నీ బాగానే కనిపిస్తున్నాయి” అన్నావు. ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అద్దాల కోసం చేసే పరీక్షలో చూపు ఎంత ఉందో తెలుస్తుంది. షుగర్ దెబ్బతీసేది కంటి లోపల వెనక ఉండి, బొమ్మను పట్టే పల్చని పొరను. దాన్నే రెటీనా అంటారు. అందులోని సన్నని రక్తనాళాలు బలహీనపడి, చిన్న చిన్న బుడిపెలు లేచి, నీరూ రక్తమూ ఊరుతాయి. అంతవరకూ నొప్పి ఉండదు, చూపూ తగ్గకపోవచ్చు. ఆ ఊట రెటీనా నడిమి భాగానికి చేరితే అక్షరాలు అలుక్కుపోతాయి, సరళరేఖలు వంకరగా కనిపిస్తాయి. ఇంకా ముదిరితే, రక్తం అందని రెటీనా మీద కొత్త నాళాలు మొలుస్తాయి. అవి మహా పెళుసు. మీ పెదనాన్నగారి కంట్లో చిట్లినవి అవే. పొద్దున నల్లటి దారాలు తేలాయన్నారు, సాయంత్రానికి ఆ కన్ను మసకబారిపోయింది. లేజర్ చేశారు, ఆపరేషనూ చేశారు. ఇప్పుడు ఆ కంటితో మనిషిని పోల్చుకోగలరు, పేపరు మాత్రం చదవలేరు.

నీకు ఇంటర్ నుంచీ ఇన్సులిన్ నడుస్తోంది. ముందే రెటీనా జబ్బు ఉంటే గర్భం వచ్చాక అది ముదిరే ప్రమాదం ఉంది. ఈ జబ్బుకు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లను గర్భంతో ఉన్న నెలల్లో సాధారణంగా ఇవ్వరు. అందుకే ముందుగా ఒకసారి, గర్భం నిలిచాక తొలి మూడు నెలల్లో ఇంకోసారి, కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు రావాలో డాక్టరే చెబుతారు.

భయపెట్టాలని కాదు, తల్లీ. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగర్ ఉన్నవాళ్ల మీద అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, షుగర్‌ను గట్టి అదుపులో ఉంచుకున్నవారికి కంటి జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. అయితే ఒక్కసారిగా దించినప్పుడు కొందరికి మొదట్లో జబ్బు కాస్త పెరిగింది కూడా. కాబట్టి కడుపు మాడ్చుకుని తొందరపడకు. డాక్టరు చెప్పినట్టే మెల్లగా దించుకో. బీపీ కూడా చూపించుకో.

చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకు. అల్లుడిగారిని వెంట తీసుకెళ్లు. అక్కడ సెలవు దొరకకపోతే ఇక్కడికి వచ్చేయండి, కొత్తపేటలో నేనే దగ్గరుండి చూపిస్తాను. ఏ కంటికి ఏమన్నారో విడివిడిగా రాయించుకుని, ఆ కాగితం ఫొటో నాకు పంపు.

మీ అమ్మ