ట్రాన్స్‌ఫర్ వెయిట్‌లిస్టుకు ముగింపు తేదీ ఉండవద్దా?

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండు వారాల క్రితం మీ విద్యా పేజీలో అమెరికా కమ్యూనిటీ కాలేజీల గురించి వచ్చిన వ్యాసం చదివాను. మొదటి రెండేళ్లు తక్కువ ఫీజుతో కమ్యూనిటీ కాలేజీలో చదువుకుని, మూడో ఏట పెద్ద విశ్వవిద్యాలయానికి ట్రాన్స్‌ఫర్ అయితే చివరికి చేతికొచ్చేది అదే పట్టా అనీ, ఖర్చు మాత్రం బాగా కలిసొస్తుందనీ రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. రెండేళ్ల క్రితం నేనూ ఇదే లెక్క వేసుకుని మా అమ్మాయిని కాలిఫోర్నియా పంపించాను. కానీ పేజీ మొత్తంలో, ఖాళీ వస్తే పిలుస్తామని విద్యార్థిని ఆపి ఉంచే జాబితా, అంటే ‘వెయిట్‌లిస్ట్’ అన్న మాట ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆ రోజే ఉత్తరం రాయబోయి, ఈ వారంలో అమ్మాయికి జవాబు వస్తుందేమో చూద్దామని ఆగాను. రాలేదు. ఇప్పుడు జూలై మూడో వారం.

అమ్మాయి దరఖాస్తు చేసిన నాలుగింటిలో రెండు కుదరదన్నాయి, ఒకటి చేర్చుకుంటామంది, తాను అన్నిటికంటే కోరుకున్న నాలుగోది వెయిట్‌లిస్టులో పెట్టింది. అది ఏప్రిల్ నెలాఖరు. జాబితాలో ఉండడానికి సమ్మతమేనా అని అడిగితే సమ్మతమేనంది. ఆసక్తి ఇంకా ఉందని లేఖ రాయమంటే రాసింది. చివరి సెమిస్టరు మార్కులు పంపమంటే వచ్చిన రోజే పంపింది. సీటు ఇచ్చిన చోట జూన్ 1 లోగా తేల్చుకోవాలి కాబట్టి, తిరిగి రాదని తెలిసే అక్కడ డిపాజిట్ కట్టాం. ఇక వెయిట్‌లిస్టులో పెట్టిన విశ్వవిద్యాలయం ఇప్పటివరకు చెప్పింది మూడే ముక్కలు: జాబితాలో వరుస సంఖ్యలు లేవు, ఎంతమంది ఉన్నారో చెప్పలేము, ఖాళీలను బట్టి వేసవిలో తెలియజేస్తాము. వేసవి అంటే ఏ తేదీ అని మర్యాదగా మెయిల్ పెడితే, ఆ మూడు వాక్యాలే మళ్లీ జవాబుగా వచ్చాయి.

ఇక్కడ రాత్రి పదిన్నర అయ్యేసరికి అక్కడ ఉదయం పది గంటలు, ఆఫీసులు తెరిచే ఉంటాయి. అమ్మాయి పోర్టల్ తెరిచి చూసి ఆ తెరను ఫొటో తీసి పంపుతుంది. ‘మీ దరఖాస్తు వెయిట్‌లిస్టులో ఉంది’ అన్న ఒకే వాక్యం, కింద ఏప్రిల్ నాటి తేదీ. నా ఫోనులో ఇలాంటి ఫొటోలు ఇప్పటికి యాభై పైనే పోగయ్యాయి. చూడకుండా పడుకుందామంటే నిద్ర పట్టదు.

ఇది ఓపికకు సంబంధించిన విషయమే అయితే నేను పత్రికకు రాసేవాణ్ణి కాదు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లలకు కోర్సు ముగిసిన నాటి నుంచి ఉండే వ్యవధి 60 రోజులు. ఆ లోపలే వారి సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలను అమెరికా ప్రభుత్వం ఉంచే ఆన్‌లైన్ ఖాతా) కొత్త విశ్వవిద్యాలయానికి మారాలి. మారే రోజును ‘రిలీజ్ తేదీ’ అంటారు. ఆ తేదీ రాకముందు పాత కాలేజీ దాన్ని మార్చగలదు, రద్దు చేయగలదు. తేదీ దాటిందా, రికార్డు పూర్తిగా కొత్త సంస్థ చేతిలోకి వెళ్లిపోతుంది. ఆ మర్నాడే కోరుకున్న చోటి నుంచి పిలుపు వచ్చినా, అప్పటికే చేరిన సంస్థను బతిమాలుకుని మళ్లీ మార్పించుకోవాలి, వీసాకు ఆధారమైన ప్రవేశ పత్రం ఐ-20 కొత్తది వచ్చేదాకా ఎదురు చూడాలి. మా అమ్మాయి కోర్సు జూన్ రెండో వారంలో ముగిసింది. రిలీజ్ తేదీ ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేయించుకుంది. కాలేజీలో ఆ పని చూసే అధికారిణి విసుక్కోకుండా చేసిపెట్టారు, ఆమెకు రుణపడి ఉంటాం. అద్దె ఇల్లు ఖాళీ చేస్తారా, ఉంటారా అని యజమాని అడిగితే మాత్రం చెప్పడానికి జవాబు లేదు. రెండు సూట్‌కేసులు సర్దిపెట్టుకుని, సర్దిన బట్టల్లోంచే రోజూ ఒక జత తీసి కట్టుకుంటోంది.

విశ్వవిద్యాలయాల ఇబ్బంది నాకు తెలియకపోలేదు. మూడో ఏట సీట్లు మిగులు సీట్లు. మొదటి ఏడాది పిల్లల్లో ఎందరు చేరతారు, పైతరగతుల వారిలో ఎందరు మానేస్తారు, హాస్టల్‌లో ఎన్ని గదులు మిగులుతాయన్నది తేలాకగానీ ట్రాన్స్‌ఫర్ వారికి చోటుందో లేదో తెలియదు. అందువల్ల వెయిట్‌లిస్టు ఉండడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఎంతమందిని అందులో కూర్చోబెట్టారో, కిందటేడు వారిలో ఎందరికి సీటు ఇచ్చారో, ఫలానా తేదీ తర్వాత ఇక ఆశ పెట్టుకోవద్దనో చెప్పకపోవడాన్ని తప్పు పడుతున్నాను.

వారికి ఈ లెక్కలు రాసే అలవాటు లేదనుకుంటే పొరపాటు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని నింపి తమ వెబ్‌సైట్లలో పెడతాయి. అందులో ‘సి’ విభాగం మొదటి ఏడాది ప్రవేశాలది. వెయిట్‌లిస్టులో ఎంతమందికి చోటిచ్చారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందిని చేర్చుకున్నారు అన్న మూడు ప్రశ్నలూ అక్కడ ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ వారి సంగతి ‘డి’ విభాగంలో వస్తుంది. అక్కడ దరఖాస్తులు ఎన్ని, సీటిచ్చింది ఎందరికి, చేరింది ఎందరు అనే అడుగుతారు. వెయిట్‌లిస్టు ఊసే ఉండదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇచ్చే సమాచారం, రెండేళ్లు కష్టపడి మంచి మార్కులతో వచ్చిన ఇరవయ్యేళ్ల పిల్లకు ఎందుకివ్వరు? ఆ పత్రంలో ఒక్క వరుస చేరిస్తే సరిపోయే పని ఇది.

ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ఆఖరి పంక్తిలో కూర్చోవలసినవాడన్న భావన అక్కడి వ్యవస్థలో ఎంతగా పాతుకుపోయిందో చెప్పే లెక్కలు వేరే ఉన్నాయి. 2024లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టినవారిలో ఆరేళ్లలో నాలుగేళ్ల కాలేజీకి మారగలుగుతున్నది సుమారు మూడో వంతు, ఆ వ్యవధిలో డిగ్రీ పూర్తి చేస్తున్నది నూటికి 16 మంది. ఏ కాలేజీ నుంచి ఏ కాలేజీకైనా మారినవారందరినీ కలిపి చూస్తే, సగటున 43 శాతం క్రెడిట్లు, అంటే చదివిన కోర్సులకు లెక్కలో చేరే పాయింట్లు, నష్టపోయారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయమే 2017లో అంచనా కట్టింది. మీ వ్యాసం చూపించిన పొదుపు పట్టికలో ఈ నష్టానికి ఒక గడి పెట్టి ఉండాల్సింది.

పద్ధతులు ఒకప్పుడు ఇంతకంటే మేలుగా ఉండేవి. అక్కడి ప్రవేశ సలహాదారుల జాతీయ సంఘం ‘నాకాక్’ తన సభ్య కాలేజీలకు ఒక నియమావళి పెట్టుకుంది. వెనకటి ఏడాది దరఖాస్తు చేసుకున్న విద్యార్థులను, వారంతట వారు అడిగితే తప్ప, ట్రాన్స్‌ఫర్ కోసం పిలవకూడదన్నది అందులో ఒక నియమం. ఇలాంటివి పోటీని అడ్డుకుంటున్నాయని న్యాయ శాఖ అభ్యంతరం చెప్పడంతో 2019 సెప్టెంబరులో సంఘం వాటిని తీసేసింది. పోటీ పెరిగితే విద్యార్థికి మేలన్న వాదనను నేను కొట్టిపారేయను. అయితే పిలవడానికి స్వేచ్ఛ దొరికిన కాలేజీలకు, పిలిచినవారికి ఫలానా తేదీలోగా జవాబు చెప్పాలన్న బాధ్యతను మాత్రం ఎవరూ తగిలించలేదు.

చేయాలనుకుంటే చేయవచ్చనడానికి కాలిఫోర్నియాలోనే దాఖలా ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రాంగణాల్లో ఆరు, అంటే డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులతో ముందుగానే ఒప్పందం చేసుకుంటాయి. ఫలానా కోర్సులు, ఫలానా మార్కులు తెస్తే సీటు ఖాయమని రాసిస్తాయి. దరఖాస్తు సెప్టెంబరులో. ఒక విద్యార్థి ఒక్క ప్రాంగణంతోనే ఒప్పందం చేసుకోవాలి, అన్ని కోర్సులకూ అది వర్తించదు. అయినా ఏం చేస్తే ఏం దక్కుతుందో కాగితం మీద ఉంటుంది. ఈ సంగతి మాకు చెప్పవలసిన కన్సల్టెన్సీ ఆయన చెప్పలేదు. ఫీజు కట్టించుకునే నాడు ‘మూడో ఏట సీటు ఖాయం సార్, నా పూచీ’ అన్నారు. మే నెల నుంచి ఆయన మా ఫోను ఎత్తడం లేదు. ఇలాంటి సంస్థలకు లైసెన్సు ఇచ్చేదెవరో, తప్పుడు మాట చెబితే అడిగేదెవరో తెలుసుకుందామని రెండు కార్యాలయాలకు వెళ్లాను. ఇది మా పరిధిలోకి రాదని ఇద్దరూ అన్నారు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఈ అంశం మీద మళ్లీ రాసినప్పుడు, ట్రాన్స్‌ఫర్ వెయిట్‌లిస్టు అంటే ఏమిటో, అది ఆగస్టు దాకా సాగవచ్చునన్నదీ, ఎఫ్‌-1 వారికి 60 రోజుల లెక్క ఉంటుందన్నదీ, ముందస్తు ఒప్పందాల దరఖాస్తు నెలనూ దయచేసి వ్యాసం మొదట్లోనే వేయండి. వచ్చే సెప్టెంబరుకు ముందు వేస్తే ఇంకో ఇంటికైనా పనికొస్తుంది.

మా అమ్మాయి రిలీజ్ తేదీ ఇప్పుడు ఆగస్టు 1. ఇక దాన్ని జరపవద్దని నిన్న రాత్రి ఫోనులో ఇద్దరం అనుకున్నాం.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి