అడవి మందుల పరీక్ష థీసిస్‌తో ఆగిపోవద్దు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఎండాకాలం మా అమ్మ కాలి పుండుకు కల్చర్ టెస్టు (పుండులోని క్రిమిని ల్యాబులో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయించాం. అమ్మకు షుగర్ ఉంది. రిపోర్టులో 18 మందుల పేర్లుంటే 16 పేర్ల పక్కన ‘ఆర్’ అని ఉంది. అంటే ఆ క్రిమి వాటికి లొంగదు. మిగిలిన రెండూ దవాఖానలో ఉండి ఎక్కించుకోవాల్సిన సూదులే. అమ్మ బతికింది కానీ రెండు కాలివేళ్లు తీసేశారు.

అప్పుడే ములుగు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన పసరు కట్టు కట్టిద్దామన్నాడు. పచ్చి పుండు మీద ఏదో తెలియని ఆకు ఎలా పెడతాం? వద్దన్నాను. అలాగని ఆయన మాట కొట్టిపారేయలేను. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ చెట్టుమందు నుంచి వచ్చిందే. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథం చదివి, ఆకును మరిగిస్తే గుణం పోతుందేమోనని అనుమానించి, 1970ల మొదట్లో తక్కువ వేడిలో సారం తీశారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

కొన్ని క్రిములు తమలోకి వచ్చిన మందును పంపుతో తోడినట్టు బయటికి తోడేస్తాయి. పుండ్లలో తరచూ కనబడే స్టెఫిలోకాకస్ అనే క్రిమిలో ఆ పంపును మిరియాల్లోని పైపెరిన్, సర్పగంధ వేరులోని రిసర్పిన్ అడ్డుకుంటాయని ల్యాబుల్లో తేలింది. పంపు ఆగితే పాత మందే మళ్లీ పనిచేయొచ్చు. కానీ ల్యాబులో పనిచేసింది ఒంట్లోనూ పనిచేస్తుందని నమ్మకం లేదు. రిసర్పిన్ అంత మోతాదులో ఇస్తే మనిషి తట్టుకోలేడు. అలాగే పసుపులోని కర్క్యుమిన్ ఎంత మింగినా రక్తంలో కలిసేది చాలా తక్కువ.

మా తమ్ముడి కూతురు ఎం.ఫార్మసీలో మొక్కల సారాన్ని క్రిముల మీద పరీక్షించే పనే చేసింది. గాజు ప్లేటులో ఆకు సారం వేసి, చుట్టూ క్రిములు పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచేది. 16 మిల్లీమీటర్లు వచ్చిన రోజు సంతోషం పట్టలేక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. థీసిస్ బైండింగ్ అయింది, అంతే. సారంలో పనిచేసే పదార్థం ఏదో విడదీయడానికి, అది విషమో కాదో ఎలుకల మీద చూడటానికి పైసలు లేవు.

కాకతీయ యూనివర్సిటీ, కాకతీయ మెడికల్ కాలేజీ ఒకే నగరంలో ఉన్నాయి. ములుగు, ఏటూరునాగారం అడవులు, అక్కడి కోయ వైద్యులు ఎంతో దూరంలో లేరు. మన వార్డుల్లో దొరికే మొండి క్రిముల మీదే మన మొక్కలను పరీక్షించేందుకు ప్రభుత్వం యూనివర్సిటీకీ మెడికల్ కాలేజీకీ కలిపి ఏటా నిధులివ్వాలి. పని థీసిస్ దాటి మనుషుల మీద పరీక్షల దాకా సాగాలి. మందు తేలితే ఆ మొక్కను చూపించిన కోయ కుటుంబాలకు వాటా ఇస్తామని మొదటి రోజే కాగితం మీద రాయాలి. ప్రయోజనం పంచాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టమే చెబుతోంది.

- ఒక పాఠకురాలు, హనుమకొండ