బేస్ ట్రంపెట్ అడుగుతున్న బ్యాండు మాస్టార్లకు

పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయిన దగ్గర్నుంచి మా వాయిద్యాల షాపులో ఒకటే ప్రశ్న. "మాస్టారూ, బేస్ ట్రంపెట్ ఉందా? ఎంత పడతది?" విజయనగరం వాళ్లే కాదు, బొబ్బిలి నుంచి, శ్రీకాకుళం నుంచి కూడా ఫోన్లు. ఎవరో యూట్యూబ్‌లో చూసుంటారు, ఆ నోటా ఈ నోటా పాకింది. మాఘం ముహూర్తాలకి ముందే కొనేయాలని అందరికీ తొందర. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

బేస్ ట్రంపెట్లు తెచ్చి షెల్ఫులో పెట్టి అమ్మడం లేదు. ఆర్డరు మీదే తెప్పిస్తాను, అదీ షాపులో ఉన్న డెమో పీసు ఊది చూసినవాళ్లకే. దీని మీద నాకు యుఫోనియం (ఒంటికి ఆనించుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకా) కంటే ఎక్కువే మిగులుతుంది, అందులో దాపరికం లేదు. కానీ అడుగుతున్నవాళ్లలో సగానికి పైగా దీన్ని కొని పెట్టెలో పెట్టేస్తారని నా అనుమానం.

పేరు ట్రంపెట్టే గానీ ట్రంపెట్ వాయించేవాళ్ల చేతికి సులువుగా లొంగదు. బి ఫ్లాట్ శ్రుతి బేస్ ట్రంపెట్ గొట్టం చాపి కొలిస్తే తొమ్మిది అడుగుల దాకా వస్తుంది, టెనర్ ట్రాంబోన్ (గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే బాకా) అంత పొడవు. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్‌ది అందులో సగం. అందుకే ఇది దానికంటే సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. పెదవులు ఆనించి ఊదే మౌత్‌పీసు కూడా ట్రాంబోన్ సైజే. ట్రంపెట్ మౌత్‌పీసు లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లుంటే, దీనిది 25 దగ్గర ఉంటుంది. స్వరం మార్చడానికి నొక్కే వాల్వుల మీద వేళ్లు అవే, పెదవి పని మాత్రం పూర్తిగా వేరు. ఈ వాయిద్యానికి పేరు తెచ్చింది జర్మనీ సంగీతకర్త వాగ్నర్. 1876లో బైరాయిట్‌లో మొత్తంగా ఆడిన ఆయన నాలుగు ఒపెరాల 'రింగ్'లో దీనికి ప్రత్యేకంగా స్వరం రాశాడు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాల్లో ఇవాళ్టికీ దీన్ని ఎక్కువగా ట్రాంబోన్ వాళ్లకే ఇస్తారు.

మొన్న ఒక ట్రంపెట్ కుర్రాడొచ్చాడు. మంచి వాయిద్యగాడు, పెళ్లిలో పల్లవి ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. డెమో పీసు ఇస్తే పై స్వరాలు చీలిపోయాయి, కింది షడ్జం దగ్గర ఉత్త గాలే వచ్చింది. రెండు చరణాలకే చెవులు ఎర్రబడ్డాయి. "ఏటి మాస్టారూ, గాలంతా ఇదే తాగేస్తంది!" అని దించేశాడు. అదే రోజు సాయంత్రం ఒక యుఫోనియం పెద్దాయన అదే పీసు తీసుకుని, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే మోహనం ఆరోహణ అవరోహణ పలికించేశారు. కాబట్టి మీ బ్యాండు పార్టీలో యుఫోనియమో ట్రాంబోనో వాయించే మనిషి ఉంటే ఆలోచించండి. అందరూ ట్రంపెట్ వాళ్లే అయితే, ఎవరో ఒకరు కొన్ని నెలలు సాధన చేయడానికి సిద్ధపడాలి. సీజన్లో అది అయ్యే పని కాదు.

ఇప్పుడు నా దగ్గర పోల్చి చూడటానికి రెండున్నాయి. ఒకటి చైనా తయారీ, మూడు పిస్టన్లది, అంటే పైకీ కిందికీ కదిలే వాల్వులు. రెండోది పాత జర్మన్ పీసు, గుండ్రంగా తిరిగే రోటరీ వాల్వులు. శబ్దం మాట అడిగితే జర్మన్‌దే. నెమ్మదిగా ఊదినా నిండుగా ఉంటుంది, గట్టిగా ఊదితే అంచు కంచులా మోగుతుంది. చైనాది మధ్య స్థాయిలో బాగానే ఉంది, పైకి వెళ్లేకొద్దీ పలచనైపోతుంది. అయినా ఊరేగింపుల పార్టీకి నేను చైనాదే చూపిస్తాను. దుమ్ములో, చెమటలో, జనం తోపులాటలో తిరిగే వాయిద్యం అది. పిస్టన్ అయితే రాత్రి ఇంటికెళ్లి మూత తిప్పి, బయటికి తీసి, గుడ్డతో తుడిచి, నూనె వేసుకుని పడుకోవచ్చు. రోటరీ విప్పడం మీవల్ల కాదు, దయచేసి ప్రయత్నించకండి. అది కుర్చీ వేసుకుని కచేరీలో వాయించేవాళ్లకే అమ్ముతాను.

ధరల్లో తేడా మామూలుగా లేదు. జర్మనీ చేతిపనివి కొత్తవి ఐదారు లక్షల మాట. చైనావి కస్టమ్స్, రవాణా కలిపి లక్ష అటూ ఇటూ.

శ్రుతి మాట కూడా చాలామంది అడగడం లేదు, అడగాలి. ఇవి సి లోనూ బి ఫ్లాట్‌లోనూ వస్తాయి. సి అంటే మన లెక్కలో ఒకటి శ్రుతి, బి ఫ్లాట్ అంటే ఆరున్నర. మీ ట్రంపెట్లు, క్లారినెట్లు బి ఫ్లాట్‌వి కాబట్టి బి ఫ్లాటే తీసుకోండి. లేకపోతే పాట పాటకీ ఒకరు వేళ్లు మార్చుకుంటూ టెన్షన్ పడాలి. ఒకటి, మూడు వాల్వులు కలిపి నొక్కితే శ్రుతి కాస్త ఎక్కుతుంది, మూడూ నొక్కితే ఇంకా ఎక్కుతుంది. ఏ కంపెనీదైనా అంతే. మూడో వాల్వు స్లైడును (బయటికి లాగే చిన్న గొట్టం) ఊదుతూనే లాగడానికి రింగు ఉందో లేదో చూసుకోండి. నాలుగో వాల్వు ఉంటే ఇంకా మంచిది, ఒకటీ మూడూ కలిపి నొక్కాల్సిన చోట అదొక్కటీ నొక్కితే చాలు. బరువు మాత్రం పెరుగుతుంది. అసలే దీన్ని రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకోవాలి, యుఫోనియంలా ఒంటికి ఆనించుకునే వీలు లేదు. కోట జంక్షన్ నుంచి గంటస్తంభం దాకా ఆగుతూ ఆగుతూ వెళ్లే ఊరేగింపులో భుజాల సంగతేంటో ఊహించుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే రెండు పనులు చేయండి. రెండో వాల్వు స్లైడును, వాల్వు నొక్కకుండా చటుక్కున లాగండి. 'టప్' మని గట్టిగా శబ్దం వస్తే లోపల గాలి నిలుస్తోందని అర్థం. చప్పుడే లేకపోతే లీకు ఉన్నట్టే, వాల్వులు అరిగి ఉండొచ్చు. తర్వాత మౌత్‌పీసు గుచ్చే గొట్టాన్ని ఫోను టార్చి వేసి చుట్టూ చూడండి. గులాబీ రంగు మచ్చలు, వాటి మధ్యలో నల్ల చుక్కలు కనిపిస్తే ఇత్తడిలోంచి జింకు పోతోందన్నమాట. లోపల చేరిన ఉమ్మి తడి వల్ల వచ్చే జబ్బు అది. పాలిష్ చేస్తే మచ్చ పోతుంది, జబ్బు పోదు. ఆ గొట్టం మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఊరేగింపులో జనం మీదుగా దూరం వినబడే కింది స్వరం ఒక్కటే మీకు కావాల్సిందైతే, వాల్వ్ ట్రాంబోన్ చూడండి. గొట్టం పొడవు అంతే, వాల్వులూ అవే, శబ్దం చాలా దగ్గర, దొరకడం సులువు. నిండుతనం కావాలంటే మీరట్ జాలీ కోఠీ నుంచి వచ్చే యుఫోనియంలు ఉండనే ఉన్నాయి, రిపేరు సామాను కూడా దొరుకుతుంది.

డెమోకి వచ్చేవాళ్లు మీ మౌత్‌పీసు మీరే తెచ్చుకోండి. చిన్న షాంకు (గొట్టంలో దూరే కాడ) ఉన్న ట్రాంబోన్ మౌత్‌పీసు సరిపోతుంది, పెద్ద షాంకుది సగంలో ఆగిపోతుంది. ఉదయం పదకొండు లోపు రండి. మధ్యాహ్నం పైన మేడ మీద ట్యూషన్ నడుస్తుంది, వాళ్ల సారు ఇప్పటికే ఓసారి కిందికి దిగొచ్చారు. అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరు మాస్టార్లు కూడా ఒకసారి వచ్చి ఊది చూడండి. వద్దనిపిస్తే ఆ డబ్బు వెనక్కిస్తాను, లేదా యుఫోనియంకి సర్దుతాను.