చైనాలో ఇంగ్లిష్ టీచర్ జాబ్ అంటే ముందు ఏ వీసానో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ క్లాసిఫైడ్స్‌లో ఈ మధ్య ఒక యాడ్ తరచుగా కనపడుతోందండి, "చైనా స్కూళ్లలో ఇంగ్లిష్ టీచర్లు కావలెను, ఏ డిగ్రీ అయినా చాలు, అనుభవం అక్కర్లేదు, నెలకి లక్షన్నర" అని. కింద సెల్ నంబర్ ఒక్కటే ఉంటుంది, పేరు లేదు, ఆఫీసు ఎక్కడో లేదు. బ్రాడీపేటలో ఉండే నాలాంటి రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ దగ్గరికి పిల్లలు ఈ యాడ్ పట్టుకుని వచ్చి "సార్, వెళ్లొచ్చా" అని అడుగుతుంటే అందరికీ విడివిడిగా చెప్పేకన్నా మీకు రాస్తే నలుగురూ చదువుతారని రాస్తున్నా.

చైనాలో ఇంగ్లిష్‌కి డిమాండ్ లేదని నేను అనట్లేదు. 2001 నుంచి అక్కడ మూడో తరగతిలోనే ఇంగ్లిష్ మొదలుపెట్టారు, గావ్‌కావ్ అని మన ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ లాంటి పెద్ద పరీక్షలోనూ ఇంగ్లిష్ ఉంటుంది, కాబట్టి టీచర్లు కావాలి నిజమే. కానీ ఎవరు కావాలి? ఇంగ్లిష్ చెప్పే విదేశీ టీచర్‌కి ఇంగ్లిష్ మాతృభాష అయి ఉండాలన్నది వాళ్ళ రూలు, మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళనే ఆ లెక్కలోకి తీసుకుంటారు. దాంతో పాటు డిగ్రీ, ఆపైన రెండేళ్ళ అనుభవమో లేకపోతే టెఫెల్ లాంటి ఇంగ్లిష్ బోధన శిక్షణ సర్టిఫికెట్టో. మన పిల్ల ఎంత చక్కగా మాట్లాడినా ఇండియన్ పాస్‌పోర్ట్‌తో అక్కడ ఇంగ్లిష్ చెప్పడానికి వర్క్ పర్మిట్ దొరకడం చాలా కష్టం. నాకైతే ఈ రూలు అన్యాయంగానే అనిపిస్తుంది, షేక్‌స్పియర్ పాఠం చెప్పడానికి పాస్‌పోర్ట్ రంగు ఎందుకో నాకు అర్థం కాదు, కానీ వాళ్ళ దేశం వాళ్ళ రూలు. బీఎడ్ ఉండి లెక్కలో సైన్సో చెప్పగలిగినవాళ్ళు ఇంటర్నేషనల్ స్కూళ్ళకి ట్రై చేసుకోవచ్చు, అది వేరే దారి. పైగా 2021 జులైలో అక్కడి ప్రభుత్వం స్కూలు పిల్లల ట్యూషన్ సెంటర్ల మీద పెద్ద దెబ్బ వేసింది, శని ఆదివారాలు, సెలవుల్లో సబ్జెక్టు ట్యూషన్లు బంద్ అన్నారు, బోలెడు సెంటర్లు మూతపడ్డాయి. ఆ యాడ్ ఇచ్చేవాళ్ళకి ఇవన్నీ తెలియక కాదు.

మా వీధిలో బీటెక్ అయిన ఒకమ్మాయికి వచ్చిన ఆఫర్ లెటర్ చూశా. కింద గుండ్రటి ఎర్ర స్టాంపు, మధ్యలో నక్షత్రం, చూడగానే నమ్మబుద్ధేస్తుంది. జీతం 12 వేల యువాన్లు. స్కూలు అడ్రస్ మాత్రం ఊరి పేరుతోనే ఆగిపోయింది. వీసా ఏంటమ్మా అంటే "ముందు ఎం వీసా మీద వెళ్ళాలంట అంకుల్, అక్కడికెళ్ళాక వర్క్ వీసాకి మార్పిస్తారంట" అంది. అసలు కిటుకు అక్కడే ఉంది. ఎం అంటే బిజినెస్ పని మీద వెళ్ళేవాళ్ళకి, ఎల్ అంటే టూరిస్టులకి, ఇలాంటి ఉద్యోగానికి ఇచ్చేది జెడ్ వీసా. ఆ జెడ్ కావాలంటే అక్కడి స్కూలు ముందుగా వాళ్ళ ప్రభుత్వం నుంచి వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ తెప్పించి పంపాలి, దిగాక 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. ఆ లెటర్ ఏదీ అని అడగమన్నా, కన్సల్టెన్సీ వాళ్ళు "ప్రాసెస్‌లో ఉంది" అన్నారంట.

పర్మిట్ లేకుండా పని చేస్తూ దొరికితే వాళ్ళ చట్టం ప్రకారం 5 వేల నుంచి 20 వేల యువాన్ల దాకా ఫైన్, కేసు పెద్దదైతే 5 నుంచి 15 రోజులు లోపల కూడా వేస్తారు, వెనక్కి పంపెయ్యొచ్చు కూడా. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలూ ఇది గమనించాలి, స్టూడెంట్ వీసా మీద ఉండి పాకెట్ మనీకి సాయంత్రాలు ఇంగ్లిష్ చెప్తామంటే కుదరదు, యూనివర్సిటీ పర్మిషన్ ఉండాలి, రెసిడెన్స్ పర్మిట్ మీద ఆ మేరకు రాయించుకోవాలి. సీనియర్లు చేశారు కదా అని వెళ్తే పోయేది మెడికల్ సీటు.

ఇక డబ్బు. ఆ అమ్మాయిని అడిగింది రెండున్నర లక్షలు. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్‌కి విదేశాంగ శాఖ లైసెన్స్ ఉండాలి, అభ్యర్థి దగ్గర సర్వీస్ చార్జి 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మేం ఏజెంట్లం కాదు కన్సల్టెన్సీ అని బోర్డు మార్చేసి తప్పించుకుంటున్నారు. 

పిల్లల్ని తిట్టి లాభం లేదండి. ఇక్కడ ప్రైవేట్ స్కూల్లో పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం స్టడీ అవర్ దాకా నిలబెట్టి చేతిలో పెట్టే జీతం చూస్తే, అదీ ఎండాకాలం సెలవులకి ఎగ్గొడితే, ఎవరైనా ఆ లక్షన్నర యాడ్ వైపు చూస్తారు. కాంబోడియాలో డేటా ఎంట్రీ అని చెప్పి తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన కేసు 2024లో మన విశాఖలోనే బయటపడింది, అయినా ఇలాంటి యాడ్స్ ఆగలేదు.

నేను మీ పేపర్‌ని అడిగేది ఒక్కటే. విదేశీ ఉద్యోగం యాడ్ ఎవరు తెచ్చినా లైసెన్స్ నంబర్ అడగండి, ఆ నంబర్ యాడ్‌లోనే వెయ్యండి, ఏజెంట్లు తమ ప్రకటనల్లో దాన్ని చూపించాలని విదేశాంగ శాఖే చెప్పింది. లైసెన్స్ ఉన్నవాళ్ళ లిస్టు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో అందరికీ కనపడుతుంది, మీ యాడ్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి అది రెండు నిమిషాల పని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు