డాబా మీద చుక్కలు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ముందుగా లెక్కల సంగతి: జమాఖర్చుల పట్టిక క్లబ్ రూమ్ నోటీసు బోర్డు మీద పెట్టాం, చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే, రాయడానికేమీ లేదు. ఈ ఏడు చెప్పుకోవాల్సింది గ్రేటింగ్ గురించే, అంటే చుక్కల వెలుగుని రంగులుగా విడదీసే గాజు బిళ్ల.

పోయిన సర్వసభ్య సమావేశంలో "ఇంత చిన్న గాజు బిళ్లకి అంత డబ్బు పెట్టాలా" అని కొందరు అడిగారు. అడగాల్సిందే. దాని మీద మిల్లీమీటరుకు 100 గీతలుంటాయి, టెలిస్కోపుకీ కెమెరాకీ మధ్య బిగిస్తే చుక్క పక్కనే దాని వెలుగు రంగులుగా విడిపోయి సన్నటి పట్టీలా పడుతుంది, ఆ పట్టీ చూసి చుక్క ఎంత వేడిగా ఉందో చెప్పేస్తామని గొప్పలు పోయి మరీ కొనిపించాం.

జనవరిలో లుబ్ధకుడి మీద పెట్టాం, అదే సిరియస్. పట్టీలో ఏ రంగు దగ్గర వెలుగు ఎక్కువుందో చూసి, 2898ని ఆ రంగు తరంగదైర్ఘ్యంతో (మైక్రోమీటర్లలో) భాగిస్తే కెల్విన్‌లలో ఉష్ణోగ్రత వస్తుంది, ఇంటర్‌లో చదువుకున్న వీన్ సూత్రమే. మాకు 530 నానోమీటర్ల (0.53 మైక్రోమీటర్ల) దగ్గర, ఆకుపచ్చలో వచ్చింది, అంటే వేడి సుమారు 5,500. సిరియస్ అసలు వేడి దాదాపు 9,900! పక్కనే ఉన్న రైజెల్ ఇంకా వేడి చుక్క, దానికీ అదే ఆకుపచ్చ దగ్గరే తేలింది. రాత్రి పన్నెండింటికి డాబా మీద మా టెన్షన్ చూడాలి. చివరికి తెలిసిందేంటంటే మేం కొలుస్తున్నది చుక్కని కాదు, కెమెరాని. దాని సెన్సరు ఆకుపచ్చనే బాగా పట్టుకుంటుంది, నీలాన్ని మన ఊరి దుమ్మూ పొగా సగం మింగేస్తాయి. పైగా అంత వేడి చుక్క వెలుగు ఎక్కువుండేది 293 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో, దాన్ని ఓజోన్ పొర నేలదాకా రానివ్వదు. ఇదంతా కొనకముందే చదవాల్సింది, చదవలేదు.

మమ్మల్ని కాపాడినవి పట్టీలోని నల్ల గీతలు, అంటే చుక్క పైపొరలోని పరమాణువులు వెలుగుని మింగేసిన చోట్లు. సిరియస్‌కి 486, 434 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ గీతలు పెన్సిలుతో గీసినంత స్పష్టంగా ఉన్నాయి. దుమ్ము వెలుగుని తగ్గించగలదు గానీ గీత చోటు మార్చలేదు కదా. ఆర్ద్రకి, అదే బెటెల్‌గ్యూస్‌కి, ఆ గీతలు మా ఫొటోల్లో కనబడలేదు, వాటికి బదులు మెట్లు మెట్లుగా టైటానియం ఆక్సైడ్ అణువుల గుర్తులు. 3,500 కెల్విన్‌ల దగ్గరుండే చల్లటి చుక్క గనక అణువులు విడిపోకుండా నిలుస్తాయి.

"అంటే ఆర్ద్రలో హైడ్రోజన్ లేదా అంకుల్?" అని బి బ్లాకు పదో తరగతి పాప అడిగింది. ఈ ఏడాది మొత్తంలో మంచి ప్రశ్న ఇదే. ఉంది, బోలెడంత. కానీ ఈ గీతలు పడాలంటే హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్ రెండో శక్తి మెట్టు మీద ఉండాలి. చల్లగా ఉంటే అంత ఎత్తుకి ఎక్కేవి తక్కువ, మరీ వేడెక్కితే ఎలక్ట్రానే ఊడిపోతుంది, 10,000 కెల్విన్‌ల దగ్గర గీతలు బాగా పడతాయి, అందుకే గీతలు చూసి వేడి అంచనా వేయొచ్చు. ఈ లెక్కకి దారి వేసింది 1920లో మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా. దాన్ని పట్టుకునే 1925లో ఖగోళ శాస్త్రవేత్త సెసిలియా పేన్ చుక్కల్లో ఎక్కువుండేది హైడ్రోజనేనని తేల్చింది, పెద్దలు మొదట నమ్మలేదు.

చుక్క పెద్దదా చిన్నదా అన్నది గీత వెడల్పు చెబుతుంది: ఉబ్బిపోయిన చుక్కల్లో పీడనం తక్కువ, గీతలు సన్నం. మన నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీలో చదువుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు, 1957లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి చల్లటి చుక్కల కాల్షియం గీత మధ్యలో కనిపించే మెరుపు వెడల్పుని బట్టి వాటి అసలు ప్రకాశం చెప్పొచ్చని చూపించాడు. మన బిళ్లకి అంత సన్నటి తేడా దొరకదు, మళ్లీ డబ్బులు అడుగుతామని భయపడకండి.

వచ్చే చలికాలంలో మొదట, వేడి ముందే తెలిసిన చుక్కని ఫొటో తీసి, కెమెరా లోపం లెక్కగట్టి, ఆ తర్వాతే మిగతావి కొలుస్తాం. ఫిబ్రవరిలో డాబా మీంచి ల్యాప్‌టాప్ ఛార్జర్ పట్టుకెళ్లినవాళ్లు వాచ్‌మన్ దగ్గర ఇచ్చేయండి, పేరు అడగం.