టర్బో కిట్‌కి ముందు మీ కారుకి జరగాల్సిన పని

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఇకనుంచి విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో టర్బో, సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసి పవర్ పెంచేవి) పనులకు నేరుగా బుకింగ్ తీసుకోవడం లేదు. ముందు ఇంజిన్ పరీక్ష. అందులో కారు నిలబడితే దాన్ని సిద్ధం చేసే పని. అది పూర్తయ్యాకే కిట్ మాట. పరీక్షకు 6,000 రూపాయలు తీసుకుంటాం. కారు పనికిరాదని తేలినా ఆ డబ్బు తిరిగి ఇవ్వలేం, ఎందుకంటే ఆ మాట నమ్మకంగా చెప్పడానికే మా వాళ్లు అంత పని చేయాలి. ఈ మార్పు కొందరికి నచ్చలేదని ఫోన్లలో మీ గొంతు వింటేనే తెలుస్తోంది. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను.

ఈమధ్య ఒక పాత హోండా సిటీ టోయింగ్ బండి మీద మా దగ్గరికి వచ్చింది. టర్బో వేరేచోట వేయించారు. కిట్ మంచిదే, వెల్డింగ్ కూడా శుభ్రంగా ఉంది. ఇంజిన్ విప్పితే మాత్రం మూడో పిస్టన్‌లో రింగు కూర్చునే గాడి అంచు విరిగిపోయి ఉంది. కారణం వెతుక్కుంటూ వెళ్తే మ్యాప్ సెన్సర్ దగ్గర తేలాం. సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంతుందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెప్పేది ఆ సెన్సరే. టర్బో లేని కారులో ఆ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని, అంటే సుమారు 1 బార్‌ని దాటదు. కాబట్టి కంపెనీ వేసిన సెన్సర్ కూడా అంతకు కాస్త పైవరకే కొలుస్తుంది. ఈ కారులో దాన్ని మార్చలేదు. టర్బో అర బార్ ఎక్కువ తోస్తున్నా సెన్సర్ తన ఆఖరి అంకె దగ్గరే ఆగిపోయింది, ఈసీయూ ఆ లెక్కకే పెట్రోల్ ఇచ్చింది. మిశ్రమం పలచబడింది, వేడి పెరిగింది, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడం) మొదలైంది, పిస్టన్ పోయింది. ‘ముందు కిట్ బిగిద్దాం, ట్యూనింగ్ తర్వాత చూద్దాం’ అన్నారట. అంత ఇష్టంగా పెంచుకున్న ఇంజిన్ అలా బల్ల మీద ముక్కలుగా పడి ఉంటే ఆ ఓనర్ ముఖం చూడలేకపోయాం.

ఇప్పుడు పరీక్షలో ఏం చేస్తామో చెప్తాను. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్ సరఫరా ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలుస్తాం. మాకు కావాల్సింది పెద్ద అంకె ఒక్కటే కాదు, నాలుగింటి మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. ఏదైనా సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాం. అప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే తప్పు వాల్వులదా, హెడ్ గాస్కెట్‌దా అని చూడాలి. ఆ తర్వాత లీక్‌డౌన్ పరీక్ష: సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి, ఎంత శాతం బయటికి పోతోందో, ఎటు పోతోందో చూస్తాం. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. 10 శాతం లోపు లీకేజీ ఉంటే సంతోషంగా ముందుకెళ్తాం. 20 దాటితే ఆ ఇంజిన్‌కి టర్బో వేయం, ఎంత ఇస్తామన్నా వేయం. బోరుకొచ్చిన ఇంజిన్‌కి ముందు బోరింగ్ చేయించుకోవాలి. ఆటోనగర్‌లో దానికి మంచి చేతులున్నాయి, మేమే దగ్గరుండి చేయిస్తాం.

ఎంత బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి) పెడతారని అందరూ అడుగుతారు. 2008లో వచ్చిన సిటీనే తీసుకోండి: 1.5 లీటర్ల ఇంజిన్, 118 పీఎస్ పవర్, కంప్రెషన్ నిష్పత్తి పదికి పైనే. అసలే గట్టిగా నొక్కే ఇంజిన్‌లోకి ఇంకా గాలి కూరుతున్నామన్నమాట. లోపలి పిస్టన్లు, రాడ్లు కంపెనీవే అయితే మేం 0.3 నుంచి 0.4 బార్ దగ్గర ఆపుతాం. పవర్ లెక్కకు 150 పీఎస్ చుట్టుపక్కల వస్తుంది. 200 కావాలంటే ఇంకా గట్టివైన ఫోర్జ్‌డ్ పిస్టన్లు, రాడ్లు వేసి ఇంజిన్ కొత్తగా కట్టాలి. ఆ ఖర్చు కిట్ ఖర్చును మించిపోతుంది.

మన ఎండలు కూడా మర్చిపోవద్దు. 40 డిగ్రీల గాలిని అర బార్ బూస్ట్‌కి నొక్కితే, మామూలు టర్బోలో అది బయటికొచ్చేసరికి 95 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత వేడి గాలితో నాకింగ్ ఊరికే వస్తుంది. అందుకే ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకుండా మేం ఏ కారూ కట్టం. ఇంటర్‌కూలర్ ముందుకొస్తే వెనకున్న రేడియేటర్‌కి గాలి తగ్గుతుంది, దాంతో రేడియేటర్ కూడా పెద్దది కావాల్సి వస్తుంది. హోస్ పైపులు, థర్మోస్టాట్, ఫ్యాన్ అన్నీ కొత్తవి వేస్తాం. మే నెలలో బెజవాడలో ట్రయల్ చూసి తట్టుకున్న కారు ఎక్కడైనా తట్టుకుంటుందని నా నమ్మకం.

పెట్రోల్ విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ వల్ల నాకింగ్‌ని తట్టుకునే గుణం కాస్త పెరుగుతుంది, అది మంచిదే. కానీ ఒక కిలో మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలంటే, ఈ20కి అది సుమారు 13.5 కిలోలే. అంటే అదే గాలికి ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం పోయాలి. పైగా ఇలాంటి చాలా కార్లలో పెట్రోల్ ఒత్తిడి బయటి గాలితో పోల్చి స్థిరంగా ఉంటుంది, బూస్ట్‌తో పాటు పెరగదు. మానిఫోల్డ్‌లో ఎదురు ఒత్తిడి పెరిగినకొద్దీ ఇంజెక్టర్ పోసేది తగ్గుతుంది, సరిగ్గా ఎక్కువ కావాల్సిన సమయంలోనే. కాబట్టి పెద్ద ఇంజెక్టర్లు, కొత్త పంపు తప్పనిసరి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజెక్టర్ డ్యూటీ, అంటే అది తెరిచి ఉండే సమయం, 80-85 శాతం దాటకుండా ట్యూన్ చేస్తాం. పాత కార్లలో పెట్రోల్ పైపులు, సీళ్లు ఈ20 కోసం చేసినవి కావు, అవి కూడా మార్చేస్తాం. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 మీద ట్యూన్ చేయమని కొందరు అడుగుతున్నారు. అది కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. మీకు ఎప్పుడూ దొరికే పెట్రోల్ మీదే ట్యూన్ చేస్తాం.

ఇక చిన్నవిగా కనిపించేవి. ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్ రకం (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ మానిఫోల్డ్‌కి పంపే పీసీవీ దారిలో వన్-వే వాల్వు, లేదంటే బూస్ట్ ఇంజిన్ అడుగుభాగంలోకి వెళ్లి ఆయిల్ సీళ్లను తోసేస్తుంది. టర్బో నుంచి ఆయిల్ కిందికి దానంతటదే జారిపోవాలి, కాబట్టి తిరుగు పైపు లావుగా, వంపుల్లేకుండా ఉండాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో అది చేరే చోటు ఆయిల్ మట్టానికి పైన ఉండాలి. దీన్ని సరిగా చేయకే చాలా టర్బోలు నీలం పొగ వదులుతాయి. క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, డాట్ 4 బ్రేక్ ఆయిల్, మిశ్రమాన్ని ఎగ్జాస్ట్‌లో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ అన్నీ ఈ దశలోనే వేస్తాం.

సూపర్‌ఛార్జర్ అడిగేవాళ్లకు: బెల్ట్‌తో తిరుగుతుంది కాబట్టి పికప్ వెంటనే వస్తుంది, ఎగ్జాస్ట్ వైపు వేడి గొడవ తక్కువ. కానీ కొంత పవర్ అదే తినేస్తుంది. మన కార్లకు రెడీమేడ్ బ్రాకెట్లు దొరకడం కష్టం. సిద్ధం చేసే పని మాత్రం దాదాపు అదే.

అన్నిటికన్నా కష్టమైన మాట ఇప్పుడు చెప్పాలి. రోడ్డు మీద తిరిగే కార్లకు మేం టర్బో వేయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట స్పష్టంగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మీ కుటుంబం ఇబ్బంది పడుతుంది. మేం కట్టేవి ట్రక్కు మీద ఎక్కించి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో తీసుకెళ్లే కార్లు మాత్రమే. దీనివల్ల మా ఆర్డర్లు తగ్గాయి, నిజమే. రోజూ ఆఫీసుకి వెళ్లే కారులో పికప్ కావాలంటే కంపెనీ టర్బోతో వచ్చేవే కొనండి: ఐ20 ఎన్ లైన్ ఉంది, ఫ్రాంక్స్‌లో 1.0 బూస్టర్‌జెట్ ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో పోలో టీఎస్ఐ ఉంది. కొనే ముందు మా దగ్గరికి తెస్తే ఇదే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్ష చేసి చెప్తాం.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవారికి పాత రేటే వర్తిస్తుంది. కానీ పరీక్ష మాత్రం అందరికీ తప్పదు. అందులో కారు నిలబడకపోతే మీ అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇస్తాం, పరీక్ష ఫీజు కూడా మీ దగ్గర తీసుకోం.

కారు తెచ్చేటప్పుడు సర్వీస్ బిల్లులు ఉంటే అన్నీ పట్టుకురండి. బ్యాటరీ బలంగా ఉండాలి, స్టార్టర్ నీరసంగా తిరిగితే కంప్రెషన్ అంకెలు తప్పు చూపిస్తాయి. ముందు రోజు ఇంజిన్ వాష్ చేయించకండి. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో ఆ మురికి చూసే మేం పట్టుకుంటాం.